అప్‌డేట్ తర్వాత లేవని లైనక్స్ సర్వర్: ఫార్మాట్ కొట్టే ముందు చూడాల్సినవి

మీ ప్రశ్న సారాంశం ఇది. వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర అడ్తి దుకాణం. తక్‌పట్టీలు (రైతులకిచ్చే బిల్లులు), రైతుల ఖాతాలు, హమాలీ లెక్కలు అన్నీ ఉబుంటు 22.04 వేసిన ఒక పాత టవర్ సర్వర్ మీద నడుస్తున్నాయి. రెండు డిస్కులు, సాఫ్ట్‌వేర్ రెయిడ్ 1, అంటే ఒకే డేటా రెండింటి మీదా ఉంటుంది. పోయిన వారం అప్‌డేట్ ఎక్కించారు కానీ రీబూట్ చేయలేదు. నిన్న కరెంటు పోయి వచ్చాక "కెర్నల్ పానిక్, నాట్ సింకింగ్: వీఎఫ్ఎస్: అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్(0,0)" అని చూపించి ఆగిపోయింది. కరెంటు దెబ్బకు డిస్కు పోయిందని, ఫార్మాట్ కొట్టి మళ్లీ వేద్దామని తెలిసినాయన అంటున్నాడు.

ఆయన్ని ఆపండి. ఫార్మాట్ వద్దు. ఆ లైను చివర ఉన్న రెండు సున్నాలే మీకు కావాల్సిన కబురు. సిస్టమ్ ఫైళ్లుండే రూట్ డిస్కు ఏదో కెర్నల్‌కు, అంటే లైనక్స్ గుండెకాయకు, అసలు తెలియలేదని వాటి అర్థం. అంటే అది మీ డిస్కుల మీది ఫైళ్లేవీ తెరవలేదు, ఏదీ రాయలేదు. డిస్కే పాడైతే ఐఓ ఎర్రర్లు, రీడ్ ఎర్రర్లు, ఈఎక్స్‌టీ4 ఎర్రర్లు కనబడతాయి, ఈ మాట కాదు. అసలు తప్పు పోయిన వారం అప్‌డేట్‌లోనే జరిగి ఉంటుంది. నడుస్తున్న సర్వర్‌కు కొత్త కెర్నల్‌తో పనిలేదు, పాతదే మెమరీలో ఉంటుంది. రీబూట్ అయినప్పుడే కొత్తది ముందుకొస్తుంది. నిన్న కరెంటు పోవడం ఆ రీబూట్‌కు సందర్భం మాత్రమే, కారణం కాదు. ఉబుంటులో తనంతట తానే అప్‌డేట్లు ఎక్కించే అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ మామూలుగానే ఆన్‌లో ఉంటుంది కాబట్టి మీరు చేత్తో అప్‌డేట్ పెట్టకపోయినా ఇదే జరిగి ఉండేది.

సర్వర్ ఎక్కడ ఆగిందో తెలిస్తే తప్పు ఎవరిదో సగం తేలినట్టే. లేచే వరుస ఇది: ముందు మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్ (పాతదైతే బయాస్, కొత్తదైతే యూఈఎఫ్ఐ), తర్వాత కెర్నల్‌ను ఎక్కించే గ్రబ్, ఆ తర్వాత కెర్నల్, దానితోపాటే రూట్ డిస్కును కనుక్కునే పనిముట్లున్న ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ ఫైలు, చివర సర్వీసులను లేపే సిస్టమ్‌డీ. స్క్రీన్ మీద "గ్రబ్ రెస్క్యూ" అని ఉంటే గ్రబ్‌కు తన ఫైళ్లు దొరకలేదు. మీ మెసేజ్ వస్తే కెర్నల్ లేచింది కానీ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ అందలేదు. బ్రాకెట్లలో "ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్" అని ప్రాంప్ట్ వస్తే అది అందింది కానీ రూట్ డిస్కు దొరకలేదు. "యూ ఆర్ ఇన్ ఎమర్జెన్సీ మోడ్" అంటే రూట్ కూడా ఎక్కింది, వేరే ఏదో డిస్కు మౌంట్ కాలేదు, అంటే సిస్టమ్‌కు తగులుకోలేదు. లాగిన్ దాకా వచ్చి నెట్‌వర్క్ మాత్రమే రాకపోతే అది బూట్ సమస్య కానే కాదు. అందుకే ఏ మీటా నొక్కకముందే మానిటర్ పెట్టి స్క్రీన్ ఫోటో తీసుకోవాలి. పెన్‌డ్రైవ్‌లు, ఎక్స్‌టర్నల్ డిస్కులు తీసేయాలి.

కమాండ్లను పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. ప్రత్యేకంగా చెప్తే తప్ప అన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైపు చేయాలి.

మీ సర్వర్‌కు మొదటి మందు పాత కెర్నల్. ఆన్ చేయగానే బయాస్ మెషీన్ అయితే షిఫ్ట్ నొక్కి పట్టుకోండి, యూఈఎఫ్ఐ అయితే ఎస్కేప్ ఒక్కసారి నొక్కండి. ఎస్కేప్ ఎక్కువసార్లు పడితే మెనూ దాటి "గ్రబ్" ప్రాంప్ట్‌కు పోతుంది. కంగారు పడక్కర్లేదు, అక్కడ "నార్మల్" అని టైపు చేసి ఎంటర్ కొట్టి, వెంటనే ఎస్కేప్ నొక్కితే మెనూ వస్తుంది. అందులో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ ఫర్ ఉబుంటు" లోపలికి వెళ్తే 5.15 వరుస కెర్నళ్లు రెండో మూడో ఉంటాయి. పైదాన్ని వదిలేసి దాని కింది వెర్షన్ ఎంచుకోండి. రికవరీ మోడ్ అన్నది కాదు, మామూలుదే. మీ మెసేజ్‌కు చాలాసార్లు ఇక్కడితోనే సర్వర్ లేస్తుంది.

లేచిందంటే మొదటి పని మరమ్మతు కాదు, కాపీ. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అయితే మైఎస్‌క్యూఎల్‌డంప్, పోస్ట్‌గ్రెస్ అయితే పీజీ_డంప్ తీసి, ఫైలు ఇంకో మెషీన్ మీదో బయటి డిస్కు మీదో పెట్టండి. ఆ తర్వాత "క్యాట్ /ప్రాక్/ఎండీస్టాట్" చూడండి. రెండు డిస్కులూ ఉంటే చివర బ్రాకెట్లలో రెండు యూలు కనబడతాయి. ఒక యూ, ఒక అండర్‌స్కోర్ ఉంటే ఒక డిస్కు అరే (రెయిడ్ జత) నుంచి బయటపడిందన్నమాట. అప్పుడు దాన్ని వెంటనే మళ్లీ కలపకండి. ముందు "స్మార్ట్‌సీటీఎల్ -ఏ" తర్వాత ఆ డిస్కు పేరు ఇచ్చి రీఅలొకేటెడ్ (పాడై మార్చినవి), పెండింగ్ (అనుమానం ఉన్నవి) సెక్టార్ల లెక్క చూడండి. ఆ లెక్క పెరుగుతూ ఉంటే కొత్త డిస్కే మేలు. రీసింక్ (రెండు డిస్కులనూ మళ్లీ సరిచూసుకోవడం) నడుస్తున్నట్టు చూపిస్తే మాత్రం భయం లేదు, కరెంటు పోయి ఆగిన అరేకు అది మామూలే.

ఇప్పుడు అసలు కారణం. "డీఎఫ్ -హెచ్ /బూట్" కొట్టండి. నూటికి నూరు శాతం, లేదా ఆ దరిదాపుల్లో ఉంటుందని నా అంచనా. పాత ఇన్‌స్టలేషన్లలో బూట్ పార్టిషన్‌కు 500 ఎంబీ ఇచ్చి వదిలేసేవాళ్లు. ఒక్కో కెర్నల్‌తో వచ్చే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ ఫైలు ఒక్కటే సుమారు 60 నుంచి 100 ఎంబీ దాకా తింటుంది, దాని పక్కన విఎంలినజ్ అనే కెర్నల్ ఫైలు, సిస్టమ్.మ్యాప్ వేరే. మూడు నాలుగు కెర్నళ్లు చేరేసరికి చోటు నిండుతుంది. కొత్త కెర్నల్ ఎక్కేటప్పుడు ముందు విఎంలినజ్ ఫైలు వచ్చి కూర్చుంటుంది, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ తర్వాత తయారవుతుంది. సరిగ్గా అక్కడ "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అని వచ్చి ఫైలు సగంలోనో మొదట్లోనో ఆగిపోతుంది. గ్రబ్ మాత్రం విఎంలినజ్ కనబడగానే కొత్త ఎంట్రీ రాసుకుంటుంది, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ ఫైలు (/బూట్‌లో దాని పేరు ఇనిట్‌ఆర్‌డీ) లేకపోతే జతగా ఆ లైను లేకుండానే. రెయిడ్, ఎల్‌వీఎం (డిస్కు చోటును భాగాలుగా పంచే ఏర్పాటు) కూర్చే పనిముట్లు ఉండేది ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌లో. అది లేని కెర్నల్‌కు మీ రెండు డిస్కుల రెయిడ్ ఒక రూట్‌గా ఎప్పటికీ కనబడదు. అందుకే ఆ రెండు సున్నాలు.

దీన్ని కళ్లతో చూడాలంటే "ఎల్ఎస్ -ఎల్‌హెచ్ /బూట్" చాలు. ఇనిట్‌ఆర్‌డీ ఫైళ్ల సైజులు పక్కపక్కన పెట్టి చూడండి. పాత వెర్షన్లవి రెండూ దాదాపు సమానంగా ఉండి, కొత్తదానిది బాగా చిన్నగా ఉన్నా, సున్నా అయినా, అసలు లేకపోయినా దొంగ దొరికినట్టే. అప్‌డేట్ అప్పుడు ఏం జరిగిందో /వార్/లాగ్/ఏపీటీ లోని టర్మ్.లాగ్‌లో అక్షరం పొల్లుపోకుండా ఉంటుంది.

చోటు ఖాళీ చేయడం జాగ్రత్తగా చేయాలి. "యూనేమ్ -ఆర్" కొడితే ఇప్పుడు ఏ కెర్నల్ మీద నడుస్తున్నారో చెప్తుంది. ఆ వెర్షన్‌ను కాగితం మీద రాసుకోండి, దాని జోలికి పోవద్దు. ముందు "ఏపీటీ ఆటోరిమూవ్ --పర్జ్" ప్రయత్నించండి. అయితే సగం ఎక్కిన ప్యాకేజీ ఉన్నప్పుడు ఏపీటీ మొండికేస్తుంది, అది పూర్తి చేయనిదే ఇంకోటి తీయనంటుంది, పూర్తి చేయడానికేమో చోటుండదు. అప్పుడు ఏపీటీ కింద పనిచేసే డీపీకేజీతో నేరుగా అన్నిటికన్నా పాత వెర్షన్‌ను తీయాలి. "డీపీకేజీ -ఎల్" జాబితాలో లైనక్స్-ఇమేజ్ పేర్లు చూసి, ఆ వెర్షన్‌కే చెందిన లైనక్స్-ఇమేజ్, లైనక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా రెండింటినీ ఒకే "డీపీకేజీ --పర్జ్" కమాండ్‌లో ఇవ్వండి. విడిగా ఇస్తే ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉందని ఒప్పుకోదు. /బూట్‌లోకి వెళ్లి ఆర్‌ఎంతో చేతికందిన ఫైలు తుడిచేయడం మాత్రం వద్దు. ప్యాకేజీ లెక్కల్లో అది ఇంకా ఉన్నట్టే ఉండి వచ్చే అప్‌డేట్‌కు మళ్లీ పేచీ పెడుతుంది.

చోటు దొరికాక "డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ", ఆ వెనక "ఏపీటీ -ఎఫ్ ఇన్‌స్టాల్". చాలావరకు కొత్త ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ ఇక్కడే తయారవుతుంది. కాకపోతే "అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ -సీ -కే" తర్వాత కొత్త వెర్షన్ పేరు పూర్తిగా ఇవ్వండి. సగం ఫైలు అప్పటికే ఉంటే -సీ బదులు -యూ. చివర "అప్‌డేట్-గ్రబ్". దాని అవుట్‌పుట్‌లో ప్రతి "ఫౌండ్ లైనక్స్ ఇమేజ్" లైను కింద అదే వెర్షన్‌తో "ఫౌండ్ ఇనిట్‌ఆర్‌డీ ఇమేజ్" లైను ఉండాలి. ఈ జత కుదిరిందాకా రీబూట్ చేయకండి. "ఎల్ఎస్‌ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్" తో ఆ ఫైలు తెరిచి లోపల రెయిడ్1 మాడ్యూల్, రెయిడ్‌ను కూర్చే ఎండీఏడీఎం ఉన్నాయో లేదో కూడా చూసుకుంటే ఇక అనుమానం మిగలదు.

పాత కెర్నల్ కూడా లేవకపోతే, లేదా ఆటోరిమూవ్ ముందే అన్నీ ఊడ్చేసి ఒక్కటే మిగిలితే, పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఉబుంటు, అంటే లైవ్ యూఎస్‌బీ కావాలి. ఉబుంటు 22.04 లేదా అంతకన్నా కొత్తది 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద రాసుకోండి. దాన్ని సర్వర్ ఏ మోడ్‌లో ఇన్‌స్టాల్ అయిందో అదే మోడ్‌లో బూట్ చేయాలి. /సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్ఐ అనే డైరెక్టరీ కనబడితే యూఈఎఫ్ఐలో ఉన్నట్టు, లేకపోతే బయాస్‌లో. మోడ్ తారుమారైతే తర్వాత గ్రబ్-ఇన్‌స్టాల్ ఈఎఫ్ఐ వేరియబుల్స్ దొరకలేదని ఆగుతుంది.

"ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్" తో ఏ పార్టిషన్ ఏమిటో చూడండి. రెయిడ్ కనబడకపోతే "ఎండీఏడీఎం --అసెంబుల్ --స్కాన్", ఎల్‌వీఎం ఉంటే "వీజీఛేంజ్ -ఏవై". లైవ్‌లో అరే పేరు ఎండీ127 అని రావచ్చు, దానికి కంగారు అక్కర్లేదు. తర్వాత రూట్‌ను /ఎంఎన్‌టీ మీద, బూట్ పార్టిషన్‌ను /ఎంఎన్‌టీ/బూట్ మీద, ఈఎఫ్ఐ పార్టిషన్ ఉంటే దాన్ని /ఎంఎన్‌టీ/బూట్/ఈఎఫ్ఐ మీద, ఇదే వరుసలో మౌంట్ చేయాలి. ఆ పైన డెవ్, ప్రాక్, సిస్, రన్ నాలుగింటినీ "మౌంట్ --బైండ్" తో లోపలికి తెచ్చి "సీహెచ్‌రూట్ /ఎంఎన్‌టీ" కొట్టండి. ఇక ఇచ్చే కమాండ్లు మీ సర్వర్ సిస్టమ్ లోపలే నడుస్తాయి.

ఇక్కడ ఎక్కువమంది తప్పే చోటు ఒకటుంది. బూట్ పార్టిషన్ మౌంట్ చేయడం మరిచిపోతారు. అప్పుడు రూట్ మీద ఉన్న ఖాళీ బూట్ డైరెక్టరీలోకే కొత్త ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ రాసేస్తారు. ఒక్క ఎర్రర్ రాదు, చోటు కూడా బోలెడు ఉన్నట్టు కనబడుతుంది, అన్నీ సరిగ్గా జరిగినట్టే ఉంటుంది. రీబూట్ చేస్తే పాత పానిక్కే మళ్లీ వస్తుంది, ఎందుకంటే గ్రబ్ చదివేది అసలు బూట్ పార్టిషన్‌ను. సీహెచ్‌రూట్‌లోకి వెళ్లగానే "ఎల్ఎస్ /బూట్" కొట్టి పాత విఎంలినజ్ ఫైళ్లు అక్కడ ఉన్నాయని చూసుకున్నాకే ముందుకు పోవాలి. లోపల చేసేది పైన చెప్పిన పనే: చోటు, కాన్ఫిగర్, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్, గ్రబ్.

మీది రెండు డిస్కుల రెయిడ్ కనుక గ్రబ్ సంగతి విడిగా చెప్పాలి. బయాస్ మెషీన్‌లో గ్రబ్ మొదటి ముక్క డిస్కు మొదట్లో ఉంటుంది, దాని మాడ్యూళ్లు /బూట్/గ్రబ్‌లో ఉంటాయి. అప్‌డేట్ మాడ్యూళ్లను కొత్తవి చేసి, మొదటి ముక్కను ఒక డిస్కు మీదే మార్చి, సర్వర్ ఇంకో డిస్కు నుంచి లేస్తే రెండూ పొసగవు. 2020 జులైలో బూట్‌హోల్ అనే భద్రతా లోపానికి గ్రబ్ సవరణలు వచ్చినప్పుడు డెబియన్, ఉబుంటు మెషీన్లలో "సింబల్ గ్రబ్_క్యాలాక్ నాట్ ఫౌండ్" అని గ్రబ్ రెస్క్యూలో పడ్డవి ఇలాంటివే.  మందు ఒకటే: "గ్రబ్-ఇన్‌స్టాల్" ఎస్‌డీఏకూ ఎస్‌డీబీకీ రెండింటికీ చేయాలి, తర్వాత "డీపీకేజీ-రీకాన్ఫిగర్ గ్రబ్-పీసీ" నడిపి రెండు డిస్కులకూ గుర్తు పెట్టాలి. లేకపోతే మళ్లీ గ్రబ్ అప్‌డేట్ వచ్చినప్పుడు ఒక డిస్కు పాతదిగానే మిగులుతుంది.

ఎమర్జెన్సీ మోడ్ మీకు ఇప్పుడు రాలేదు కానీ వచ్చే అవకాశం ఉంది. బ్యాకప్ కోసం పెట్టిన బయటి డిస్కు తీసేసి, ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో రాసి ఉండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలులో దాని లైను ఉంచేస్తే సిస్టమ్‌డీ 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌కు పోతుంది. ఉబుంటులో రూట్ పాస్‌వర్డ్ లాక్ అయి ఉంటుంది కనుక "రూట్ అకౌంట్ ఈజ్ లాక్డ్" అంటుంది, లోపలికి రానివ్వదు. గ్రబ్ మెనూలో "ఇ" నొక్కి, లైనక్స్‌తో మొదలయ్యే లైను చివర "ఇనిట్=/బిన్/బ్యాష్" చేర్చి కంట్రోల్ ఎక్స్ కొట్టండి. "మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /" ఇచ్చి ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఆ లైను సరిచేసి, "సింక్", "రీబూట్ -ఎఫ్". బయటి డిస్కు లైనులో యూయూఐడీ (డిస్కుకుండే ప్రత్యేక గుర్తు, ఈ పేరు మాత్రం పెద్ద అక్షరాల్లో) వాడి, ఆప్షన్లలో "నోఫెయిల్" పెడితే ఆ డిస్కు లేకపోయినా సర్వర్ లేస్తుంది. మార్చిన ప్రతిసారీ "ఫైండ్‌ఎంఎన్‌టీ --వెరిఫై" ఒక్కటి నడిపితే చాలు, తప్పు ముందే చెప్తుంది.

రెడ్ హ్యాట్ వంశం వాడేవాళ్లు, అంటే ఆల్మా, రాకీ, ఇంకొన్ని మార్పులు గమనించాలి. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ తయారు చేసేది "డ్రాకట్ -ఎఫ్". మెనూ చివర ఉండే "రెస్క్యూ" ఎంట్రీలో ఎక్కువ డ్రైవర్లు ఉంటాయి, రెయిడ్ కార్డో మదర్‌బోర్డో మార్చాక మామూలు కెర్నల్ లేవకపోతే ముందు దాన్నే చూడాలి. సెంటాస్ 7 కాలం 2024 జూన్ 30తో తీరింది కాబట్టి సెకండ్ హ్యాండ్ సర్వర్లను 8కో 9కో ఎత్తే పని ఇప్పుడు చాలాచోట్ల ఉంది. అక్కడ రెండు ఉచ్చులు. 8 నుంచి ఎస్ఏఎస్2008 లాంటి పాత చిప్ ఉన్న రెయిడ్ కార్డులకు సపోర్ట్ తీసేశారు, ఈఎల్‌రెపో అనే బయటి రిపాజిటరీ ఇచ్చే డ్రైవర్ లేకుండా డిస్కే కనబడదు. 9కి ప్రాసెసర్‌లో ఎక్స్86-64-వీ2 అనే ఇన్‌స్ట్రక్షన్ల స్థాయి ఉండాలి. వర్చువల్ మెషీన్‌కు పాత సీపీయూ మోడల్ ఇచ్చి ఉంటే "సీపీయూ డజ్ నాట్ సపోర్ట్" అని జీలిబ్‌సీ ఎర్రర్ ఇచ్చి పానిక్ అవుతుంది. హోస్ట్ సీపీయూ మోడల్ ఎంచుకుంటే తీరిపోతుంది, మిగతాది ఏదీ ముట్టక్కర్లేదు.

సర్వర్ దుకాణంలో కాకుండా క్లౌడ్‌లో ఉంటే స్క్రీన్ ముందు కూర్చోలేరు. ముందు స్నాప్‌షాట్ (డిస్కు నకలు) తీయండి. తర్వాత రూట్ వాల్యూమ్‌ను విడదీసి, అదే అవైలబిలిటీ జోన్‌లో ఉన్న ఇంకో మెషీన్‌కు తగిలించి పైన చెప్పిన సీహెచ్‌రూట్ పనే చేయాలి. ఫైల్‌సిస్టమ్ ఎక్స్ఎఫ్ఎస్ అయి, రెండు మెషీన్లూ ఒకే ఇమేజ్ నుంచి వచ్చినవైతే యూయూఐడీ ఒకటే అయి మౌంట్ కాదు. "మౌంట్ -ఓ నోయూయూఐడీ" అని ఇవ్వండి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నాను. రిపేర్ కమాండ్ ఎఫ్ఎస్‌సీకేను మౌంట్ అయి ఉన్న ఫైల్‌సిస్టమ్ మీద ఎప్పుడూ నడపకండి. ఎక్స్ఎఫ్ఎస్‌కు "ఎక్స్ఎఫ్ఎస్_రిపేర్" లో పెద్ద ఎల్ ఆప్షన్ లాగ్‌ను తుడిచేస్తుంది. ఒకసారి మౌంట్ చేసి తీసేస్తే లాగ్‌లో మిగిలిన మార్పులు వాటంతటవే డిస్కు మీదికి ఎక్కుతాయి, అది కుదరనప్పుడు మాత్రమే ఆ పెద్ద ఎల్. డిస్కు నుంచి టకటక శబ్దం వస్తున్నా, లాగ్‌లో ఐఓ ఎర్రర్లు ఉన్నా ఏ రిపేరూ వద్దు. ముందు డీడీరెస్క్యూతో ఇంకో డిస్కు మీదకు ఇమేజ్ తీసి, రిపేర్ ఆ కాపీ మీద చేయాలి.

వచ్చే అప్‌డేట్‌కు నాలుగు పనులు అలవాటు చేసుకోండి. అప్‌డేట్‌ను టీమక్స్ అనే ప్రోగ్రామ్ లోపలే నడపండి, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్) కనెక్షన్ తెగినా పని సాగుతుంది. ముందు /బూట్‌లో కనీసం 200 ఎంబీ ఖాళీ ఉందో చూడండి. సర్వర్‌కు యూపీఎస్ ఉంటే దాని యూఎస్‌బీ వైరు సర్వర్‌కు కలిపి నట్ సాఫ్ట్‌వేర్ పెట్టండి, బ్యాటరీ అడుగంటేలోగా సర్వర్ దానంతటదే పద్ధతిగా ఆగుతుంది. అప్‌డేట్ అయ్యాక రీబూట్‌ను వాయిదా వేయకండి. పత్తి రాని ఆదివారం, మీరు దుకాణంలోనే ఉన్నప్పుడు చేయండి, కరెంటు పోయే దాకా ఆగితే అది లావాదేవీల మధ్యలోనే వస్తుంది.

దూరంగా ఉండి రీబూట్ చేయాల్సి వస్తే ఇంకో ఏర్పాటు ఉంది. గ్రబ్ డిఫాల్ట్‌ను "సేవ్డ్" చేసి, పాత కెర్నల్‌ను డిఫాల్ట్‌గా ఉంచి, "గ్రబ్-రీబూట్" తో కొత్తదాన్ని ఒక్కసారికి మాత్రమే ఎంచుకోండి. కెర్నల్ లైనులో "పానిక్=30" పెడితే కొత్తది పానిక్ అయిన 30 సెకన్లకు దానంతటదే రీబూట్ అయి పాతదాంట్లోకి వస్తుంది. కానీ బూట్ పార్టిషన్ ఎల్‌వీఎం మీదో ఎండీ రెయిడ్ మీదో ఉంటే గ్రబ్ తన గుర్తును చెరిపి రాసుకోలేదు, ఈ పద్ధతి అక్కడ పనిచేయదు. మీ /బూట్ ఎక్కడుందో చూసుకున్నాకే నమ్ముకోండి.

ఇవన్నీ చేసినా లేవకపోతే మూడు రాసి పంపండి: స్క్రీన్ చివరి పది లైన్ల ఫోటో, లైవ్ యూఎస్‌బీ నుంచి "ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్" అవుట్‌పుట్, అసలు బూట్ పార్టిషన్ మౌంట్ చేశాక "ఎల్ఎస్ -ఎల్‌హెచ్" అవుట్‌పుట్. అప్పటిదాకా డిస్కుల మీద ఏదీ రాయకండి, ఆయన్నీ రాయనివ్వకండి.